సూదిమొనంత వెలుతురు

మా తాతయ్యకు వెలుతురు కారడమంటే గిట్టదు.

నీళ్లు కారితే గిన్నె పెడతారు, ముక్కు కారితే రుమాలు పెడతారు. వెలుతురు కారితే ఏం పెట్టాలో మా ఇంట్లో పిల్లీ ఎలుకా సహా అందరికీ తెలుసు. నల్ల టేపు. తలుపు సందులోంచి గీతలా దూరే వెలుతురు, ఫ్రిజ్ రబ్బరు పక్కనుంచి తొంగిచూసే వెలుతురు, టీవీ కట్టేశాక కూడా ఎర్రగా గుడ్లురిమే చిన్న చుక్క, ఏదీ ఆయన కంటపడి బతికి బట్టకట్టలేదు. ఒకసారి ఇస్త్రీపెట్టె వేడెక్కిందో లేదో తెలియక మా అమ్మ నాన్న చొక్కా కాల్చేసింది. పెట్టె మీది దీపానికి తాతయ్య టేపు వేశాడు మరి.

"మామయ్యగారూ, అది కారడం కాదండీ! దానికి దీపం అలాగే ఉంటుంది!" అని అమ్మ లబోదిబోమంది.

"దీపమైతే కిటికీలోంచి రావాలమ్మా. కిటికీ లేనిచోటు నుంచి వస్తే దాన్ని కారడమే అంటారు," అన్నాడు తాతయ్య, చొక్కాకు పడ్డ చిల్లులోంచి పైన వెలుగుతున్న దీపాన్ని పరీక్షగా చూస్తూ.

ఆయన్ని అని లాభం లేదు, ఆయన పని అలాంటిది. కట్టబోయే మేడలకు ముందుగా బల్ల మీద పట్టేంత బుల్లి మేడలు కట్టేవాడు. కొనేవాళ్లకు చూపించడానికన్నమాట. అట్టతో గోడలు, గాజులాంటి రేకుతో కిటికీలు, లోపల బియ్యపుగింజంత దీపాలు. అట్టగోడ వెనక దీపం పెడితే గోడంతా లాంతరులా వెలుగుతుంది. అది తాతయ్య దృష్టిలో మహాపాపం. గోడ గోడలాగే ఉండాలి, కిటికీ ఒక్కటే వెలగాలి. అందుకని గోడ లోపలివైపు ముందు నల్ల రంగు పూసి, అది ఆరాక దాని మీద తెల్ల రంగు పూసేవాడు.

"నలుపు పూశాక మళ్లీ తెలుపు దేనికి తాతయ్యా? రంగు దండగ!" అన్నాను ఒకసారి.

"నలుపు వెలుతురును గడప దాటనివ్వదు. తెలుపు దాన్ని ఇంట్లో హాయిగా తిరగనిస్తుంది. రెండూ ఉంటేనే అది కాపురం."

పదో తరగతి నాకు అడ్డం తిరిగింది కాబట్టి చదువు విషయంలో నా మాట నమ్మకండి గానీ, ఈ రంగుల సంగతి మాత్రం నమ్మొచ్చు. ప్రతి గదికీ విడిగా పెట్టె కట్టాలి. మూలలన్నీ నల్ల మైనంతో పూడ్చాలి. "ఒకరింటి దీపం పక్కింట్లో వెలగకూడదు" అనేవాడు తాతయ్య, అదేదో ధర్మసూక్ష్మంలా.

ఒకసారి వాళ్ల యజమాని పెద్దమనుషుల్ని పిలిచి, కొత్త మేడ మీది గుడ్డ లాగి, దీపాలు వేయించాడట. అందరూ చప్పట్లు కొట్టారు. తాతయ్య ఒక్కడే మోకాళ్ల మీద బల్ల కిందికి దూరాడు. కాసేపటికి అక్కడినుంచి గొంతు వినిపించింది.

"ఆర్పండి. లిఫ్టు గది కారుతోంది."

యజమాని పళ్లు నూరుతూ ఆర్పించాడు. తాతయ్య టేపు వేసేదాకా ఆ పెద్దమనుషులు చీకట్లో ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకుంటూ క్షమాపణలు చెప్పుకున్నారట.

తర్వాత మేడల్ని కంప్యూటరు తెర మీద చూపించే రోజులొచ్చాయి. తెర మీది మేడకు మూలలు కారవు. యజమాని తాతయ్య రెండు చేతులూ పట్టుకుని మంచి మాటలు చెప్పి ఇంటికి పంపేశాడు. తాతయ్య తనతో తెచ్చుకున్నది ఒక్కటే, గుయ్‌పెట్టె. ఇంట్లో వచ్చే కరెంటును తగ్గించి బుల్లి దీపాలకు అందించే ఇనప పెట్టె అది. స్విచ్ వేస్తే లోపల తుమ్మెద ఇరుక్కున్నట్టు గుయ్యిమంటూనే ఉంటుంది. ఆ పేరు నేను పెట్టిందే.

పని పోయిన తర్వాత తాతయ్య కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు. మాటా లేదు, టేపూ లేదు. ఫ్రిజ్ ఇష్టం వచ్చినట్టు కారింది. పట్టించుకోలేదు.

"ఏం చూస్తున్నావు తాతయ్యా?"

"గోడ."

"గోడలో ఏముంది?"

"ఏమీ లేదు. బాగా కట్టారు," అని మళ్లీ గోడవైపు తిరిగాడు.

అదే రోజుల్లో మా నాన్నమ్మ గుమ్మాలను గుద్దుకోవడం మొదలుపెట్టింది. "ఈ మధ్య గుమ్మాలు ఇరుకైపోతున్నాయి" అని గుమ్మాలనే తిట్టేది. చివరికి తాతయ్యా నేనూ కలిసి ఆవిణ్ని కంటి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాం.

డాక్టరు చాలాసేపు చూశాడు. నాన్నమ్మను బయట కూర్చోబెట్టి మాతో మెల్లగా చెప్పాడు. చూపు అంచుల నుంచి మూసుకొస్తోందట. ఇప్పుడు ఆవిడకు గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కాస్త మాత్రమే కనిపిస్తోందట. అదీ పోతుందట. మందు లేదట.

ఆయన చెబుతున్నంతసేపూ తాతయ్య గోడకున్న, లోపల దీపం వెలిగే అక్షరాల పెట్టెనే చూస్తున్నాడు. లేచి, జేబులోంచి టేపు తీసి, దాని అంచుకు అతికించడం మొదలుపెట్టాడు.

"పెద్దాయనా, నేను చెప్పింది అర్థమైందా?" అన్నాడు డాక్టరు.

"అర్థమైందండి. ఎన్నాళ్లు?"

"చెప్పలేం. చీకట్లో స్పష్టంగా వెలిగేవి మాత్రం కొన్నాళ్లు కనిపిస్తాయి. చెదురు వెలుతురు అస్సలు పనికిరాదు. అంతా కలిసి మసకైపోతుంది."

"ఈ మూల కూడా కారుతోంది," అన్నాడు తాతయ్య. టేపు తుంచుతుంటే ముక్కలు చేతికే అంటుకుపోయాయి. జీవితమంతా టేపుతో బతికిన మనిషికి ఆ రోజు టేపు అంటించడం చేతకాలేదు. నేను వెళ్లి అంటించాను.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాన్నమ్మే అంది. "ఏమండీ, నాకా ఎదురు మేడ ఇంకోసారి చూడాలనుంది."

ఎదురు మేడ కథ మాకందరికీ కంఠతా వచ్చు. పెళ్లైన కొత్తలో వాళ్లు ఒంటిగదిలో అద్దెకుండేవాళ్లట. గదికి ఒకటే కిటికీ, దానికెదురుగా ఒక మూడంతస్తుల మేడ. తాతయ్య పని నుంచి వచ్చేసరికి బాగా పొద్దుపోయేది. అప్పటిదాకా నాన్నమ్మ కిటికీలో నిలబడి ఆ మేడ కిటికీలు చూసేది. అదిగో నర్సమ్మ డ్యూటీ నుంచి వచ్చింది. అదిగో క్లారినెట్టాయన సాధన మొదలెట్టాడు. అదిగో కాకుల్లా అరుచుకునే మొగుడూ పెళ్లాలు, ఆవిడ మాటల్లో కాకి దంపతులు, కొట్టుకుంటున్నారు. వాళ్లెవరితోనూ ఆవిడ ఒక్క మాటైనా మాట్లాడలేదు. కానీ వాళ్లు లేకపోతే ఆ ఊళ్లో తనకెవరూ లేరని అనేది.

"ఆ మేడ ఎప్పుడో కూల్చేశారు కదోయ్," అన్నాడు తాతయ్య.

"కూల్చేస్తే కట్టలేరా? ఇన్నాళ్లూ మీరు చేసిన పనేమిటి?"

మర్నాడు పొద్దున కుర్చీ గోడవైపు లేదు. భోజనాల బల్ల మీద అట్టలు పరిచి ఉన్నాయి. అమ్మ మా కంచాలు కింద పెట్టింది. నాన్నమ్మ చూపు పోయేలోగా మేడ లేవాలి. పైకి ఎవరూ అనకపోయినా ఇంట్లో అందరికీ అదే ధ్యాస.

చిక్కేమిటంటే, తాతయ్య ఆ మేడను వెలుగుతుండగా ఎన్నడూ చూడలేదు. ఆయన వచ్చేసరికి అందరూ దీపాలార్పి పడుకునేవాళ్లు. అందుకని నాన్నమ్మ చెప్పాలి, ఆయన కట్టాలి.

"నర్సమ్మ కిటికీకి పచ్చ పరదా."

"నిన్న నీలం అన్నావు."

"నిన్న పచ్చది ఉతకడానికి వేశారు."

తాతయ్య కుంచె కింద పెట్టి, "పరదా మార్చింది వాళ్లా, నువ్వా?" అన్నాడు.

"వాళ్లే. నాకు బాగా గుర్తు."

తాతయ్య రెండు పరదాలూ చేశాడు.

బయటి గోడలకు వెలిసిన పసుపు రంగు వేశాడు. కిటికీల కింద వాన చారలు కూడా దిద్దాడు. చూసినవాళ్లందరం అయిపోయిందనే అనుకున్నాం. అప్పుడు మొదలయ్యాయి కారడాలు.

కారుతోందో లేదో చీకట్లోనే తెలుస్తుంది. రాత్రిళ్లు మా కిటికీకి ఎదురుగా వీధిదీపం వెలుగుతుంది. దానికీ టేపు వేద్దామని తాతయ్య నిచ్చెనెక్కితే నాన్న కాళ్లు పట్టుకుని కిందికి దింపాడు. దాంతో మధ్యాహ్నం భోజనాలయ్యాక మేడ మీదా తన మీదా కలిపి నల్లటి మందపాటి దుప్పటి కప్పుకుని చూసుకోవడం మొదలుపెట్టాడు. మాలో ఎవరు అటుగా వెళ్లినా దుప్పటిలోంచి ఒక చెయ్యి వచ్చి లోపలికి లాగేది.

"చూడు. కారుతోందా?"

"లేదు తాతయ్యా."

"సరిగ్గా చూడు."

"లేదంటే లేదు తాతయ్యా, ఉక్కపోస్తోంది, వదులు!"

మేమందరం లేదనే చెప్పి పారిపోయేవాళ్లం. ఒక రోజు కరెంటు మీటరు చూసే అతను వచ్చి, గదిలో ఎవరూ కనపడక "ఏమండీ" అని పిలిచాడు. "లోపలికి రా నాయనా" అంది దుప్పటి. అతను గుమ్మంలోనే ఆగిపోయాడు. "భయపడకు. ఇలా వచ్చి, మెట్ల దగ్గర కారుతోందేమో చెప్పు" అంది దుప్పటి. పాపం, అతను ఆ నెల మా మీటరు చూడలేదు. ఆ తర్వాత వీధిలోంచే అరిచి అంకెలు మా చేత చెప్పించుకునేవాడు.

"అయిపోయింది కదా మామయ్యగారూ, అత్తయ్యగారికి చూపించెయ్యండి," అని అమ్మ బతిమాలింది. "సూదిమొనంత వెలుతురు ఎవరికి కనిపిస్తుందండీ? అవతల ఆవిడ చూపు ఆగేలా లేదు."

"కారే మేడను చూపిస్తే ఆవిడకు మేడ కనిపించదమ్మా, మసక కనిపిస్తుంది. ఆ డాక్టరు చెప్పాడుగా," అన్నాడు తాతయ్య. ఆయన నల్ల రంగు డబ్బా మూత తీశాడు. ఆ ఘాటుకు పక్కగదిలో నాన్నమ్మ ఎప్పటిలాగే హాచ్‌మని తుమ్మింది. డబ్బా మూత తీస్తే చాలు, ఇంటి ఏ మూలనున్నా ఆవిడకు తుమ్ము రావాల్సిందే.

చివరికొక మధ్యాహ్నం తాతయ్య నాన్నమ్మ చెయ్యి పట్టుకుని తెచ్చి మేడ ముందు కూర్చోబెట్టాడు. పైన దుప్పటి కప్పాడు. నేను కూడా దూరాను. గుయ్‌పెట్టె గుయ్యిమంది.

నాన్నమ్మ తలను నెమ్మదిగా కదిపింది. మనం ఒక్క చూపులో చూసేదాన్ని ఆవిడ ఒక్కొక్క కిటికీగా చూడాలి. తాతయ్య ఊపిరి నాకు వినిపిస్తోంది.

"నర్సమ్మ దీపం ఆర్పండి," అంది నాన్నమ్మ ఉన్నట్టుండి. "ఆవిడ అప్పుడే రాదు."

తాతయ్య గబగబా ఆర్పాడు. ఇక అక్కణ్నుంచి ఆవిడ చెప్పడం, ఈయన స్విచ్చులు వేయడం. క్లారినెట్టాయన వచ్చాడు. కాకి దంపతుల దీపం వెలిగింది, ఆరింది, మళ్లీ వెలిగింది. "అలిగింది" అంది నాన్నమ్మ. నర్సమ్మ వచ్చింది. ఒక్కొక్కరే భోంచేశారు, ఒక్కొక్కరే పడుకున్నారు. ఆఖరి కిటికీ ఆరిపోయింది.

"అందరూ పడుకున్నారు. ఇక మీరు రావాలి," అంది నాన్నమ్మ ఆ చీకట్లో.

"వచ్చేశాగా," అన్నాడు తాతయ్య.

మేడ పూర్తయింది కదా, ఇక దుప్పటి ఉతికి ఆరేద్దామనుకుంది మా అమ్మ. మర్నాడే నాన్నమ్మ, "ఏమండీ, నర్సమ్మ గోడ పక్కన సన్నగా కారుతున్నట్టుందండీ" అంది.

తాతయ్య ముఖం చూడాలి! పెళ్లిపిలుపు అందుకున్నట్టు వెలిగిపోయింది. "ఎక్కడ? ఎక్కడ?" అంటూ కుంచె పట్టుకుని పరుగెత్తాడు. ఆ తర్వాత రోజుకొక చోట కారడం మొదలైంది. ఈ రోజు మెట్ల దగ్గరైతే రేపు పిట్టగోడ కింద. ఇద్దరూ దుప్పట్లో దూరి గుసగుసలాడుతుంటే అమ్మ నా దగ్గర నెత్తి కొట్టుకునేది. "ఈ వయసులో ఈ దాగుడుమూతలేమిటే!"

వేసవి పోయింది. నాన్నమ్మ గుమ్మాలను తిట్టడం మానేసింది. గోడ పట్టుకుని నడవడం నేర్చుకుంది. ఎవరైనా అడిగితే, "కనిపిస్తూనే ఉందిలే" అనేది.

ఒకరోజు టీ చల్లారిపోతోందని పిలవడానికి దుప్పటి ఎత్తి దూరాను. లోపల కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి. ఒక్క కిటికీ వెలగడం లేదు. మేడ ఎటుందో కూడా నాకు తెలియలేదు.

"అదిగో, క్లారినెట్టాయన కిటికీ కింద," అంటోంది నాన్నమ్మ. "వెంట్రుకంత. మీకు కనిపించడం లేదా?"

"ఎందుకు కనిపించదు! చాకుతో గీసినట్టుంటేనూ!" అన్నాడు తాతయ్య.

"ఏదీ, అసలు దీపమే..." అనబోయాను. ఒక అరచెయ్యి వచ్చి నా ముఖం మీద పడింది. ముందు దానికి నా ముక్కు దొరికింది, తర్వాత నోరు దొరికింది. గట్టిగా మూసింది.

కుంచె అట్ట మీద రాసుకుంటున్న చప్పుడు వినిపించింది.

"ఆఁ, ఆగిపోయింది," అంది నాన్నమ్మ. "నర్సమ్మ దీపం ఎంత చల్లగా ఉందో చూడండి."

"చూస్తున్నా," అన్నాడు తాతయ్య.

తర్వాత పెరట్లో ఆయన కుంచె కడుగుతుంటే పక్కన నిలబడ్డాను. కుంచె నుంచి నలుపు రాలేదు. అది రంగులో ముంచిందే కాదు.

"గుయ్‌పెట్టె కాలిపోయిందే," అన్నాడు నా వైపు చూడకుండా. "మొన్నామధ్య మేము చూస్తుండగానే మేడంతా ఒక్కసారిగా ఆరిపోయింది. అయ్యో అనబోయాను. ఈలోగా మీ నాన్నమ్మ, 'నర్సమ్మ ఇవాళ తొందరగా వచ్చిందండీ' అంది."



"పెట్టె బాగుచేయించకపోయావా తాతయ్యా?" అన్నాను.

"చేయిస్తే ఆ దీపాలు నాకొక్కడికే వెలుగుతాయే. ఇప్పుడైతే ఇద్దరం ఒక్కలాగే చూస్తున్నాం." కుంచె విదిలించాడు. "తనకు కనపడటం లేదని నాకు తెలుసని తెలిస్తే అది బెంగపెట్టుకుంటుంది. ఒసేయ్ పిడుగూ, నోరు జారావో, నీ నోటికి టేపేస్తా."

జారనని ఒట్టేశాను. ముఖం కడుక్కుని లోపలికి వచ్చేసరికి నాన్నమ్మ మంచం మీద బట్టలు మడతపెడుతోంది. నాన్న చొక్కాను తడిమి, కాలిన చిల్లును బట్టి అది ఎవరిదో గుర్తుపట్టింది.

"ఏమే, మీ తాతయ్య ఏం చెప్పాడు?"

"టీ చల్లారిందన్నాడు."

"అబద్ధమాడితే నీ గొంతు మీ నాన్న గొంతులా సన్నబడుతుందే. గుయ్‌పెట్టె చచ్చిందని చెప్పాడా?"

"నీకెలా తెలుసు?"

"కళ్లు పోతే చెవులు కూడా పోతాయటే? నర్సమ్మ వచ్చిందని అన్నాక తెలిసింది నాకు, పెట్టె గుయ్‌మనడం లేదని. మాట వెనక్కి తీసుకుందామనుకునేలోగా మీ తాతయ్య 'అవునవును, తొందరగానే వచ్చింది' అనేశాడు. అంత బాగా అబద్ధమాడుతుంటే ఎలా పాడుచెయ్యను చెప్పు?"

"మరి రోజూ అక్కడ కారుతోంది, ఇక్కడ కారుతోందని..."

"కారడం లేదంటే ఆ మనిషికి ఇంకేం మిగులుతుందే? కుర్చీ మళ్లీ గోడవైపు తిప్పుకుంటాడు." చొక్కా మడతను చేత్తో అదిమింది. తర్వాత గొంతు తగ్గించి, "అది సరే గానీ, ఈ మధ్య మీ తాతయ్య వట్టి నీళ్లు పూస్తున్నాడు. నాకు ఒక్క తుమ్మైనా రావడం లేదు. చీకట్లో ఎవరు చూస్తారులే అని పనిదొంగ అయ్యాడు!" అంది.

ఆవిడకూ ఒట్టేశాను. ఇద్దరి గుట్టూ నా ఒక్కదాని నోట్లో. అది నిలుస్తుందని మా వీధిలో ఎవరూ నమ్మరు.

మర్నాడు భోజనాలయ్యాక నల్ల రంగు డబ్బా తెచ్చి తాతయ్య ముందు ఠక్కుమని పెట్టాను. "వాడకుండా ఉంచితే ఎండిపోతుంది తాతయ్యా. ఆ తర్వాత నీ ఇష్టం."

తాతయ్య నా వైపు అనుమానంగా చూశాడు. అయినా మూత తీశాడు. ముగ్గురం దుప్పట్లో దూరాం. అదే చీకటి, అదే ఉక్క.

"హాచ్!" అంది నాన్నమ్మ. "ఆఁ, ఇవాళ పని పనిలా ఉంది."

"ఎక్కడోయ్ ఇవాళ?"

"పిట్టగోడ కింద. కుడివైపు."

కుంచె ఆడింది. చల్లగా ఒక చుక్క నా చెంప మీద పడింది. తాతయ్య అలవాటు చొప్పున నా భుజం పొడిచాడు.

"పిడుగూ, నువ్వు చెప్పు. ఇంకెక్కడైనా కారుతోందా?"

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ ప్రశ్నకు నేను చెప్పిన జవాబు ఒక్కటే. ఉక్కపోస్తోంది, వదులు అనేదాకా వచ్చి ఆగాను. కళ్లు చిట్లించి, ఏమీ లేని ఆ చీకట్లోకి శ్రద్ధగా చూశాను.

"మెట్ల మలుపు దగ్గర తాతయ్యా. సూదిమొనంత."

ఇద్దరూ ఒక్కసారే నా వైపు తిరిగారు. "ఎక్కడే? పైమెట్టా, కిందిమెట్టా?" అన్నాడు తాతయ్య కంగారుగా.

"కిందిమెట్టే. నేనూ ఇందాకట్నుంచీ చూస్తున్నా," అంది నాన్నమ్మ.

"మరి చెప్పవేం?"

"అది చెబుతుందో లేదో చూద్దామని."

తాతయ్య కుంచె ముంచుకుని ముందుకు వంగాడు. మెట్ల మలుపనుకుని నా చెవికి ఒక పూత పూశాడు. నేను కదలకుండా పూయించుకున్నాను.

"ఇన్నాళ్లకు దీనికి కన్ను వచ్చిందోయ్," అన్నాడు మురిసిపోతూ.

"రాదూ మరి," అంది నాన్నమ్మ. "కళ్లు నా పోలికే."